లక్షల కిలోమీటర్లు తిరిగిన స్పోర్ట్స్ కారు చవగ్గా వస్తోందా? కొనాలో వదిలేయాలో ఇలా తేల్చుకోండి

పన్నెండేళ్లలో ఇలాంటి కార్లు రెండు కొన్నాను. కొన్న రోజుకి మొదటిది 1,12,000 కిలోమీటర్లు తిరిగి ఉంది, రెండోది 2,43,000. మొదటిది ఐదో వారంలోనే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీల్) పోయి షెడ్డుకు చేరింది. దాని రిపేరుకు చెప్పిన ఖర్చు నేను కారుకు పెట్టిన డబ్బుకంటే ఎక్కువ. రెండోది ఏడేళ్లుగా నా దగ్గరే ఉంది, ఇవాళ పొద్దున కూడా దాంట్లోనే పనికి వెళ్లొచ్చాను. అందుకే మీటరులో పెద్ద అంకె కనబడితే భయపడొద్దని, చిన్న అంకె కనబడితే సంబరపడొద్దని అందరికీ చెబుతుంటాను.

కారు ఎంత తిరిగిందన్నదానికంటే ఎవరి చేతిలో తిరిగింది, వాళ్లు దాన్ని ఎలా చూసుకున్నారు అన్నదే ముఖ్యం. దాంతోపాటు కొన్నాక మీ చేతిలో ఎంత మిగులుతుందన్నదీ చూసుకోవాలి.

ముందు ఇంట్లో తేల్చుకోవాల్సినవి

కొత్తగా ఉన్నప్పుడు బాగా ఖరీదు పలికిన కారు పదిహేను, ఇరవై ఏళ్లకు అందులో పదో వంతు ధరకే దొరకొచ్చు. అయితే తగ్గింది కారు ధర ఒక్కటే. దాని క్లచ్, బ్రేక్ డిస్కులు, షాక్ అబ్జార్బర్లు ఇప్పటికీ ఖరీదైన కారు సామాన్లే. మామూలు కారు ధరకు స్పోర్ట్స్ కారు కొనుక్కుంటే మెయింటెనెన్స్ కూడా మామూలు కారు లెక్కలోనే ఉంటుందనుకోవడం దగ్గరే చాలామంది దెబ్బతింటారు. నేనూ మొదటిసారి అక్కడే దెబ్బతిన్నాను.

కాబట్టి చేతిలో ఉన్న డబ్బును మూడు భాగాలు చేయండి. రెండు భాగాల్లో కారు రావాలి. మూడో భాగం మొదటి ఏడాది రిపేర్లకు. దాన్ని బేరంలో కూడా ముట్టుకోవద్దు. 'ఇంకొంచెం వేస్తే ఇంతకంటే మంచి మోడల్ వస్తుంది కదా' అనిపిస్తుంది, అప్పుడూ ముట్టుకోవద్దు. నా రెండో కారుకు మొదటి ఆరు నెలల్లో నాలుగు టైర్లు, టైమింగ్ బెల్ట్, దాంతోపాటే వాటర్ పంప్, రేడియేటర్ హోస్ పైపులు, కింది బుష్‌లు (సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బరు ముక్కలు), బ్యాటరీ మార్చాను. కారు ధరలో దాదాపు నలభై శాతం అయింది. అది మంచి కారు, అయినా అంత అయింది. రబ్బరుకు కిలోమీటర్లతో పని లేదు, ఏళ్లు గడిస్తే చాలు పగులుతుంది.

రెండో ప్రశ్న: పనికి వెళ్లడానికి మీకు ఇంకో దారి ఉందా? బండో, బస్సో, ఇంట్లో ఇంకో కారో, ఏదైనా సరే. ఇదొక్కటే మీ వాహనం అయితే కొనొద్దనే చెబుతాను. పాత స్పోర్ట్స్ కారు సామాను కోసం పది రోజులు షెడ్డులో ఆగడం మామూలే. ఆ పది రోజులు మీ పని ఆగకూడదు. 'రేపటికల్లా ఇచ్చేయండి' అని మెకానిక్‌ను తొందరపెడితే రిపేరు కూడా సగం సగంగానే అవుతుంది.

మూడోది ఇన్సూరెన్స్. కారు చూడక ముందే ఆ మోడల్‌కు ఎంత అవుతుందో కనుక్కోండి. మీ వయసు తక్కువైతే ఇది తప్పకుండా చేయండి. కొన్ని చోట్ల ఏడాది ప్రీమియమే కారు ధరకు దగ్గరగా వస్తుంది.

మోడల్‌కో జబ్బు

ఏ కారుకైనా దానికంటూ ఒక జబ్బు ఉంటుంది. అదేమిటో తెలుసుకోకుండా కారు చూడ్డానికి వెళ్లారంటే రంగు చూసి తిరిగొస్తారు. చవగ్గా దొరికే కార్లలో ఎక్కువగా ఎదురయ్యేవి కొన్ని చెబుతాను.

మాజ్డా ఎంఎక్స్-5 1989లో వచ్చింది. మొదటి రెండు తరాల కార్లలో ఇంజిన్ మొండిది, ఆయిల్ వేళకు మారిస్తే రెండు లక్షల కిలోమీటర్లు దానికి ఒక లెక్క కాదు. ఆ కారును తినేది తుప్పు. గుడ్డ టాప్ మీద పడ్డ వాన నీళ్లు సీట్ల వెనక రెండు మూలల్లో ఉన్న రంధ్రాల్లోంచి కిందికి పోవాలి. ఆకులు, దుమ్ము చేరి అవి మూసుకుపోతే నీళ్లు తలుపుల కింద ఉండే సిల్స్‌లో నిలిచి, లోపలి నుంచి ఇనుమును తినేస్తాయి. పైన పెయింట్ నిగనిగలాడుతూనే ఉంటుంది. తలుపు కింద, వెనక చక్రానికి కాస్త ముందు బొటనవేలితో గట్టిగా నొక్కండి. పెయింట్ పొక్కులా లేచినా, రేకు మెత్తగా తగిలినా లోపల పని పెద్దదే. ఓనర్‌ను అడిగి ఒక సీసాడు నీళ్లు ఆ మూలల్లో నెమ్మదిగా పోయండి. వెనక చక్రాల ముందు కింద నుంచి చక్కగా కారిపోతే సరే. ఆ నీళ్లు ఎటు పోయాయో తెలియకపోతే బేరం అక్కడే ఆపండి.

మొదటి తరం పోర్షే బాక్‌స్టర్, అదే కాలపు 911 (కంపెనీ కోడ్ పేరు 996) చూస్తుంటే ఐఎంఎస్ బేరింగ్ మాట తప్పకుండా వింటారు. ఇంజిన్ లోపల ఇంటర్మీడియట్ షాఫ్ట్‌ను మోసే బేరింగ్ అది. అన్ని కార్లలోనూ పోదు గానీ, పోయిందంటే ఇంజిన్ మొత్తం పోయినట్టే. దాన్ని మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి. క్లచ్ మార్చడానికి ఎలాగూ గేర్‌బాక్స్ దించుతారు కాబట్టి, తెలిసిన ఓనర్లు రెండూ ఒకేసారి చేయిస్తారు. అందుకని మీరు అడగాల్సింది: 'క్లచ్ ఎప్పుడు మార్చారు? అప్పుడే బేరింగ్ కూడా మార్చారా? బిల్లు ఉందా?' ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పే మనిషి దగ్గర మిగతా కారు కూడా బాగానే ఉండే అవకాశం ఎక్కువ.

మాజ్డా ఆర్‌ఎక్స్-8 సంగతి వేరు. అందులో పిస్టన్లే ఉండవు, తిరిగే రోటర్లు ఉంటాయి. కాస్త ఆయిల్ కాల్చడం ఆ ఇంజిన్ తీరే. కాబట్టి డిప్‌స్టిక్‌లో ఆయిల్ అడుగంటి కనిపిస్తే ఆ ఓనర్‌కు తన కారు గురించే తెలియదని అర్థం. రోటర్ అంచుల్లో ఉండే సీల్స్ అరిగితే కంప్రెషన్, అంటే ఇంజిన్ లోపల గాలి నొక్కుకునే ఒత్తిడి, పడిపోతుంది. దీన్ని పట్టుకోవడానికి సులువైన దారి ఉంది. ఇంజిన్ బాగా వేడెక్కేదాకా నడిపి, ఆపి, ఐదు పది నిమిషాలు మాట్లాడుతూ గడపండి. తర్వాత స్టార్ట్ చేయండి. వెంటనే అందుకుంటే మంచిదే. చాలాసేపు తిప్పితే గానీ అందుకోలేదంటే ఇంజిన్ చివరికొచ్చినట్టే. మామూలు కంప్రెషన్ గేజ్ దీనికి సరిపోదు, రోటరీ కోసం చేసిన టెస్టర్ ఉన్న మెకానిక్ దగ్గరికే తీసుకెళ్లాలి.

హోండా ఎస్2000 1999 నుంచి 2009 దాకా తయారైంది. మొదట్లో వచ్చిన రెండు లీటర్ల ఇంజిన్ టర్బో లేకుండానే 9,000 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దాకా వెళ్తుంది. దాని అసలు మనస్తత్వం 6,000 దాటాకే తెలుస్తుంది, వీటెక్ (ఎక్కువ ఆర్‌పీఎంలో వాల్వులను ఇంకా ఎక్కువగా తెరిచే హోండా ఏర్పాటు) అందుకునేది అక్కడే. ఇంజిన్ వేడెక్కాక, ఖాళీ రోడ్డు మీద, ఓనర్‌కు చెప్పి, ఒక్కసారైనా ఆ గీత దాటించండి. తోపుడు మారకపోతే ఎందుకో తేలేదాకా డబ్బు ఇవ్వొద్దు.

2000 నుంచి 2006 మధ్య వచ్చిన బీఎండబ్ల్యూ ఎం3 (కోడ్ పేరు ఈ46) అయితే వెనక సస్పెన్షన్‌ను మోసే సబ్‌ఫ్రేమ్ బిగించే చోట ఫ్లోర్ రేకు చీలుతుంది. ర్యాంపు ఎక్కించకుండా అది కనబడదు. ఇంజిన్‌లో కనెక్టింగ్ రాడ్ బేరింగులు కూడా చూసుకోవాల్సినవే. వాటిని ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి.

టర్బో ఉన్న ఏ కారైనా సరే, పవర్ పెంచడానికి ఎవరైనా చెయ్యి పెట్టారేమో చూడండి. మార్పులు చేసిన కారుకంటే కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న కారుకు నేను ఎక్కువైనా ఇస్తాను.

కారుకంటే ముందు కాగితాలు

రెండో కారు అమ్మిన పెద్దాయన నన్ను ముందు కారు దగ్గరికి తీసుకెళ్లలేదు. లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, అట్ట చినిగిన ఒక పొడవాటి నోట్‌బుక్ చేతిలో పెట్టారు. ఎడమవైపు మీటరు అంకె, కుడివైపు చేసిన పని, అంతా నీలం సిరాతో. '2,06,400 – ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్.' '2,11,300 – ఆయిల్. ముందు ఎడమ చక్రం దగ్గర హోరు.' '2,11,900 – ఆ చక్రం బేరింగ్ మార్చాను. హోరు పోయింది.' ఇంకో చోట 'రెండో గేరు చలికాలం పొద్దున్నే కాస్త గట్టిగా పడుతోంది, గేర్ ఆయిల్ మార్చి చూడాలి' అని ఉంది. రెండు పేజీల తర్వాత మార్చినట్టు రాసి, పక్కన 'నయం' అని ఒక్క మాట. వెనక అట్టకు బిల్లులన్నీ గుండుసూదితో కుట్టి ఉన్నాయి.

చేసిన రిపేర్లతో పాటు కారులో ఉన్న లోపాలు కూడా రాసుకున్న మనిషి ఆయన. అప్పటికి కారు నా కళ్లతో చూడనేలేదు, అయినా సగం నిర్ణయం అయిపోయింది.

అందరూ ఇలా రాయరు, నిజమే. కనీసం బిల్లులైనా ఉండాలి. వాటిని తేదీల వరసలో పేర్చి, ఒక్కోదాని మీదా రాసిన కిలోమీటర్లు చూడండి. అంకె ఎక్కడైనా వెనక్కి వెళ్లిందంటే మీటరు తిప్పినట్టే. మధ్యలో మూడేళ్లు ఖాళీ ఉంటే ఆ మూడేళ్లు కారు ఎక్కడుందో అడగండి. ఆయిల్ ఎన్ని వేల కిలోమీటర్లకు మార్చారో లెక్కేయండి. టైమింగ్ బెల్ట్ ఉన్న ఇంజిన్ అయితే బెల్ట్ మార్చిన బిల్లు లేకుంటే మార్చలేదనే అనుకుని, ఆ ఖర్చు బేరంలో తగ్గించమనండి. 'మార్చాం గానీ బిల్లు పోయింది' అన్న మాటకు విలువ కట్టొద్దు. చాలా ఇంజిన్లలో ఆ బెల్ట్ తెగితే వాల్వులు, పిస్టన్లు ఒకదానికొకటి కొట్టుకుంటాయి.

ఛాసిస్ నంబరు కాగితాల్లోనూ కారు మీదా ఒకటేనా, కారు మీద తీరని అప్పు ఉందా, యాక్సిడెంట్‌లో పూర్తిగా పోయిందని రాసిన కారును మళ్లీ నిలబెట్టారా అన్నవి కూడా అడ్వాన్స్ ఇవ్వకముందే చూసుకోవాలి.

కారు దగ్గర

వెళ్లే ముందు ఫోన్‌లోనే చెప్పండి: 'నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు.' వెళ్లగానే బానెట్ మీద అరచెయ్యి ఆనించండి. వెచ్చగా తగిలితే ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి. నా మొదటి కారు నేను వెళ్లేసరికి ఇంజిన్ ఆన్‌లోనే ఉంది. 'మీకోసమే కడిగి, వేడి చేసి ఉంచాను' అన్నాడు అమ్మిన మనిషి. నాకోసం అంత శ్రమపడ్డాడే అనుకున్నాను. చల్లటి ఇంజిన్ తొలి నిమిషంలో బయటపెట్టే విషయాలన్నీ ఆ వేడిలో దాగిపోయాయి. ఐదో వారంలో టెంపరేచర్ ముల్లు ఎర్రగీత మీదికి వెళ్లినప్పుడు గానీ ఆ సంగతి నాకు అర్థం కాలేదు.

స్టార్ట్ చేసే ముందు రేడియేటర్ మూత తీసి చూడండి. చల్లగా ఉన్నప్పుడే సుమా, వేడి మీద తీస్తే ముఖం కాలుతుంది. కూలెంట్ శుభ్రమైన రంగులో ఉండాలి. మీద నూనె తెట్టు కట్టినా, తుప్పు నీళ్లలా ఉన్నా మంచిది కాదు. ఆయిల్ పోసే మూత తిప్పి, లోపలివైపు చూడండి. పాలమీగడలా తెల్లగా పేరుకుని ఉంటే కూలెంట్ ఆయిల్‌లో కలుస్తోందేమో అనుమానించాలి. దగ్గర దగ్గర ప్రయాణాలే చేసే కారులో తేమ వల్ల కూడా కాస్త తెలుపు కనిపిస్తుంది, అందుకే డిప్‌స్టిక్ కూడా తీసి చూడండి. దాని మీదా అదే తెలుపు ఉంటే సందేహం అక్కర్లేదు.

ఇప్పుడు ఒకరిని స్టార్ట్ చేయమని, మీరు సైలెన్సర్ వెనక నిలబడండి. మొదటి క్షణంలో నీలం పొగ ఒక్కసారి వచ్చి ఆగిపోతే వాల్వ్ సీల్స్ అరిగాయి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా నీలం పొగ వస్తే పిస్టన్ రింగులు పోయాయి, ఇంజిన్ బోరుకొచ్చింది. టర్బో ఉంటే దాని సీల్స్ వల్ల కూడా కావచ్చు. వేడెక్కాక కూడా చిక్కటి తెల్ల పొగ ఆగకుండా, తియ్యటి వాసనతో వస్తుంటే కూలెంట్ కాలుతోంది. చల్లటి పొద్దున మొదట్లో కనిపించే పలుచటి ఆవిరితో టెన్షన్ పడొద్దు.

ఇంజిన్ వేడెక్కేలోపు టైర్లు చూసేయొచ్చు. పక్క గోడ మీద ఉండే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో 23వ వారం. నాలుగు చక్రాలకు నాలుగు కంపెనీల టైర్లు ఉంటే ఆ కారుకు ఎప్పుడూ ఖర్చు పెట్టాల్సిన చోట పెట్టలేదని అనుకుంటాను. టైరు లోపలి అంచు మాత్రమే అరిగి ఉంటే అలైన్‌మెంట్ సంగతి, బుష్‌ల సంగతి అడగాలి. పెడల్ రబ్బర్లు, స్టీరింగ్ తోలు, డ్రైవర్ సీటు అంచు కూడా చూడండి. మీటరులో 80,000 ఉండి క్లచ్ పెడల్ నున్నగా అరిగిపోయి ఉంటే ఆ రెండింట్లో పెడల్ మాటే నమ్మండి.

నడిపేటప్పుడు

రేడియో ఆపేయండి, అద్దాలు దించండి. ఓనర్ మాటలతో ముంచెత్తుతుంటే కాసేపు చప్పుడు వింటానని మర్యాదగా చెప్పండి. క్లచ్ చూడటానికి పై గేరులో, తక్కువ స్పీడులో ఉండి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు ఎగిరి, కారు మాత్రం నెమ్మదిగానే కదిలితే క్లచ్ జారుతోంది. గేర్లు చల్లగా ఉన్నప్పుడూ వేడెక్కాకా రెండుసార్లూ చూడాలి. పైనుంచి రెండో గేరుకు దించేటప్పుడు కరకరమంటే గేర్లను సాఫీగా కలిపే సింక్రో అరిగింది. స్పోర్ట్స్ కార్లలో మొదట అరిగేవి ఎక్కువగా రెండు, మూడు గేర్లే. గుంటల మీద నెమ్మదిగా వెళ్తూ టకటక చప్పుడు ఏ మూల నుంచి వస్తోందో గుర్తుపెట్టుకోండి, ర్యాంపు మీద అక్కడే చూడమని చెప్పొచ్చు. కనీసం అరగంట నడపాలి. ఐదు నిమిషాల టెస్ట్ డ్రైవ్‌లో ఇంజిన్ ఆయిల్ కూడా సరిగ్గా వేడెక్కదు.

ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు చదివే పరికరం) ఒకటి వెంట ఉంచుకోండి. కోడ్‌లు ఏమీ లేవంటే సంతోషించే ముందు రెడీనెస్ మానిటర్లు (కారు తనను తాను పరీక్షించుకోవడం పూర్తయిందో లేదో అదే స్కానర్‌లో చూపించేవి) చూడండి. అవి 'సిద్ధంగా లేవు' అని చూపిస్తుంటే ఎవరో ఈమధ్యే కోడ్‌లు చెరిపేసి ఉండాలి, లేదా బ్యాటరీ తీసి పెట్టి ఉండాలి. ఎందుకని అడిగితే వచ్చే జవాబును బట్టి చాలా తెలుస్తుంది.

ఇవన్నీ దాటాక కూడా, ఆ మోడల్ తెలిసిన, అమ్మే మనిషితో సంబంధం లేని మెకానిక్ దగ్గర ర్యాంపు ఎక్కించి చూపించండి. కంప్రెషన్ టెస్ట్ చేయించండి. ఒక్కో సిలిండర్‌లో వచ్చిన అంకె ఎంతన్నది ఎంత ముఖ్యమో, అన్నీ ఒకదానికొకటి దగ్గరగా ఉండటం అంతే ముఖ్యం. ఒకటి మిగతావాటికంటే పది, పదిహేను శాతానికి మించి తగ్గితే సిలిండర్‌లోకి గాలి ఎక్కించి చూసే లీక్-డౌన్ టెస్ట్ కూడా అడగండి. గాలి రింగుల దగ్గర పోతోందో, వాల్వుల దగ్గరో, గ్యాస్కెట్ దగ్గరో దాంతో తెలుస్తుంది. ఈ పరీక్షకు అయ్యే డబ్బు వృథా కాదు. మొదటి కారుకు నేను మిగుల్చుకున్నది ఆ చిన్న ఖర్చే. మెకానిక్‌కు చూపించడానికి ఓనర్ ఒప్పుకోకపోతే ఇంక మాటలు అక్కర్లేదు, వచ్చేయడమే.

లెక్క వేసి మాట చెప్పడం

ఇంటికొచ్చి ఒక కాగితం మీద రాయండి. వెంటనే చేయించాల్సినవి, ఏడాదిలో చేయించాల్సినవి, చేయించకపోయినా బతకగలిగేవి. మొదటి రెండింటికీ మెకానిక్ చేత ఖర్చు చెప్పించండి. ఆ మొత్తం మీరు పక్కన పెట్టిన మూడో భాగంలో సర్దుకుపోతే కొనొచ్చు. కాస్త మించితే ఆ తేడా బేరంలో అడగండి. 'మీ కారు బాగోలేదు' అనకుండా, కాగితం చూపించి ఇదీ ఖర్చు అంటే చాలామంది దిగుతారు. బాగా మించితే ధర ఎంత తగ్గించినా వద్దు.

బుష్‌లు, బ్రేకులు, టైర్లు, క్లచ్, షాక్ అబ్జార్బర్లు అరిగాయన్నవి నన్ను ఆపవు. ఇవి అరగడానికే ఉన్నాయి, మారిస్తే కారు మళ్లీ కొత్తగా నడుస్తుంది. ఛాసిస్ తుప్పు, ఒకసారి ఓవర్‌హీట్ అయిన ఇంజిన్, సరిగా అతకని యాక్సిడెంట్ కారు మాత్రం ఉచితంగా ఇచ్చినా తీసుకోను. మూడేళ్లు కదలకుండా నిలబెట్టిన 60,000 కిలోమీటర్ల కారు పక్కన, వారం వారం నడుస్తూ వచ్చిన 2,00,000 కిలోమీటర్ల కారు ఉంటే రెండోదాన్నే ముందు చూస్తాను. నిలబడిన కారులో సీల్స్ ఎండిపోతాయి, పెట్రోల్ పాడవుతుంది, బ్రేక్ కాలిపర్లు పట్టేస్తాయి.

కొన్నాక మొదటి వారంలోనే ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్, డిఫరెన్షియల్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్ అన్నీ మార్పించండి. పాత ఆయిల్ ఫిల్టర్ పారేయనివ్వొద్దు. దాన్ని కోయించి, లోపలి కాగితాన్ని మడత మడతా విప్పి ఎండలో పట్టుకుని చూడండి. సన్నటి బూడిదరంగు మెరుపు ఏదో ఒకటీ అరా కనిపిస్తే ఫర్వాలేదు. రాగి రంగు రేకులు కనిపిస్తే బేరింగులు అరుగుతున్నాయి, ఇంజిన్‌ను ఇంక రెవ్ చేయకుండా నేరుగా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. ఏమీ కనిపించకపోయినా వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఆయిల్, ఫిల్టర్ మరోసారి మార్చి, రెండో ఫిల్టర్‌ను కూడా అలాగే విప్పి చూడండి. ఈ వెయ్యి కిలోమీటర్లలో పెట్రోల్ పోయించిన ప్రతిసారీ డిప్‌స్టిక్ తీసి ఆయిల్ ఎంత తగ్గిందో మీటరు అంకెతో సహా రాసి పెట్టుకోండి.